పాత కారు బీడింగులు వంగకుండా, విరగకుండా విప్పడం ఎలా?

తాతగారి అంబాసిడర్‌నో, నాన్నగారి పద్మినినో మళ్లీ రంగు వేయించి నిలబెట్టుకోవాలని ఆశపడేవారు కడప, కర్నూలు, అనంతపురాల్లో చాలామందే ఉన్నారు. వారిలో నన్ను పలకరించినవారు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "తలుపుల మీద మెరిసే ఆ పట్టీలు ఎలా తీయాలి? లాగితే వంగిపోతున్నాయి." విడివిడిగా జవాబు చెప్పేకంటే ఒకచోట వివరంగా రాయడం మేలనిపించింది.

ఇంజన్ గురించి అడిగితే ఏ ఊళ్లోనైనా చెప్పగల మేస్త్రీ దొరుకుతాడు. బీడింగును, అంటే ఆ మెరిసే పట్టీలను, మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పోతే దొరకనిది అదే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు పుష్కర కాలానికి పైగా ముందే ఆగింది. రంగు చెడితే మళ్లీ వేయవచ్చు, లప్పం రాలితే మళ్లీ పెట్టవచ్చు. ఒకసారి మడతపడిన స్టీలు పట్టీని మాత్రం ఎంత ఓపికగా తట్టి సాపు చేసినా, ఎండ పడగానే ఆ మడత కనిపిస్తూనే ఉంటుంది.

నా మొదటి పద్మినిని ఒక షెడ్డులో రంగుకు ఇచ్చినప్పుడు, అక్కడి కుర్రవాడు ఎడమ తలుపు పట్టీ నడుమన స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్క ఊపుతో పైకి ఎత్తాడు. పట్టీ ఊడి వచ్చింది, నడుమకు విరిగిన వెదురు బద్దలా. దానికి జత వెతుక్కుంటూ చెన్నై పుదుపేటలోనూ, బెంగళూరు శివాజీనగర్‌లోనూ పాత సామాన్ల దుకాణాలు ఎన్ని ఎక్కి దిగానో చెప్పలేను. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఆ పట్టీ వెనక తలుపు లోపల నట్టు ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. కాబట్టి పని మొదలుపెట్టకముందే ఒక మాట మనసులో పెట్టుకోండి: ఏ ముక్క దేనితో పట్టుకుని ఉందో తెలిసేదాకా దాని మీద బలం పెట్టకూడదు. కింద రాసినదంతా ఆ తెలుసుకోవడం గురించే.

కావలసినవి

- ఫోను కెమెరా, నోటు పుస్తకం, స్టీలు స్కేలు, మాస్కింగ్ టేపు, మార్కర్ పెన్ను.
- పానాలు, బాక్సు పానాలు. పద్మినికి మిల్లీమీటరు పానాలు సరిపోతాయి. అంబాసిడర్‌లో అంగుళాల కొలత నట్లు ఎదురవుతాయి. దగ్గరి కొలతే కదా అని మిల్లీమీటరు పానా వేస్తే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి, తరువాత దాన్ని ఎవరూ విప్పలేరు.
- స్క్రూడ్రైవర్లు. ఇవి స్క్రూలు విప్పడానికే, పట్టీలు ఎత్తడానికి కాదు.
- పట్టీలు ఎత్తడానికి వెదురు బద్దలు. జానెడు పొడవున చీల్చి, ఒక కొసను ఉలి అంచులా పలుచగా చెక్కి, నున్నగా రుద్దుకోండి. ప్లాస్టిక్ పనిముట్లు దుకాణాల్లో దొరుకుతాయి గాని వెదురు బద్ద రంగును గీయదు, స్టీలును నొక్కదు, అరిగితే మళ్లీ చెక్కుకోవచ్చు. నాకు అదే ఇష్టం.
- తుప్పు వదిలించే నూనె స్ప్రే, హెయిర్ డ్రయర్, చేపల గాలానికి కట్టే నైలాన్ దారం, సబ్బు నీళ్లు, పాత టూత్‌బ్రష్.
- చిన్న అయస్కాంతం, టార్చిలైటు.
- మందపాటి చేతి తొడుగులు, కళ్లద్దాలు. పట్టీల వెనక అంచులు బ్లేడులా కోస్తాయి.
- మూతలున్న చిన్న డబ్బాలు, పట్టీలు కట్టిపెట్టడానికి పొడవాటి చెక్క రీపర్లు.

వేళ కూడా ఒక పనిముట్టే. వేసవిలో మన ఎండకు పట్టీ ముట్టుకుంటే చేయి కాలుతుంది, రేకు వ్యాకోచించి క్లిప్పులు బిగుసుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం తొమ్మిదిలోపు నీడలో చేసుకోండి. జిగురుతో అంటించిన ముక్కలకు మాత్రం ఎండ మేలు చేస్తుంది. వాటి సంగతి ఆరో మెట్టులో వస్తుంది.

చేసే విధానం

1. ముందు బొమ్మలు తీయండి. కారు చుట్టూ తిరిగి ప్రతి ముక్కకూ దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి ఫోటో తీయండి. పట్టీ చివరకు, తలుపు అంచుకు మధ్య దూరం స్కేలుతో కొలిచి రాసుకోండి. పట్టీ ఎత్తు కూడా కొలవండి. ప్రతి ముక్క పైనా టేపు ముక్క అంటించి "ఎడమ ముందు తలుపు, బాణం ముందుకు" అని రాయండి. కుడి, ఎడమ ఎప్పుడూ డ్రైవర్ సీటులో కూర్చున్నవారి చేతుల ప్రకారమే. లేకుంటే ముందు నుంచి చూసినవారు ఒకటి, వెనక నుంచి చూసినవారు మరొకటి రాస్తారు. వంపు ఉన్న పట్టీలకు ఇంకొక పని ఉంది. అట్ట ముక్క ఒకటి తీసుకుని, పట్టీ కారు మీద ఉండగానే దాని వంపును అట్ట మీదికి గీసి కత్తిరించి దాచండి. పని పూర్తయ్యాక ఆ అట్టే సాక్ష్యం చెబుతుంది.

2. కడగండి, నూనె పట్టించండి. పట్టీ అంచుల్లో ఏళ్ల తరబడి చేరిన మన్ను గరుకు కాగితంలా పనిచేస్తుంది. దాన్ని వదిలించకుండా పట్టీ జరిపితే రంగూ పోతుంది, మెరుపూ పోతుంది. టూత్‌బ్రష్‌తో సబ్బు నీళ్లు పట్టించి కడిగి ఆరనివ్వండి. కనిపించిన ప్రతి స్క్రూకు, నట్టుకు సాయంత్రం నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. మరునాటి పని సగం ఆ రాత్రే అయిపోతుంది.

అనంతపురంలో నీడన ఉన్న కార్లకు తుప్పు తక్కువ, వేడికి రబ్బరు మాత్రం రాయిలా గట్టిపడి ఉంటుంది. కర్నూలులో 2009 అక్టోబరు వరదలో మునిగిన కార్ల సంగతి వేరు. తలుపుల అడుగున, గుమ్మం రేకుల్లో ఒండ్రు మట్టి ఇప్పటికీ గడ్డకట్టి ఉంటుంది, క్లిప్పులు దానిలోనే తుప్పుపట్టి ఉంటాయి. అటువంటి బండికి ఒక రాత్రి చాలదు. రెండు మూడు రోజులు పూటకొకసారి నూనె కొట్టండి.

3. పట్టు ఎక్కడుందో కనిపెట్టండి. అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే గడపండి. డిక్కీ లోపలి అట్టలు, తలుపు ప్యాడ్లు తీసి టార్చి వేసి చూడండి. కిటికీ తిప్పే పిడికి కొన్నింటిలో నడుమ స్క్రూ ఉంటుంది. కొన్నింటిలో వెనకనున్న గుండ్రటి బిళ్లను లోపలికి నొక్కితే చిన్న పిన్ను కనిపిస్తుంది. ప్యాడు వెనకాల ప్లాస్టిక్ పొర ఉంటే చించకండి. లోపలికి దిగే నీటిని సీటు వైపు రానీయకుండా ఆపేది అదే.

మరలున్న బోల్టు కొస లోపలి వైపుకు పొడుచుకు వచ్చి, దానికి నట్టు ఉంటే అది నట్టు పట్టు. స్ప్రింగు రేకు కాళ్లు విచ్చుకుని కనిపిస్తే క్లిప్పు పట్టు. రంధ్రంలో పిన్ను, దాని చుట్టూ తొడుగు ఉంటే అది కారు పేరు అక్షరాల బిళ్ల పట్టు. లోపల ఏమీ కనిపించకుంటే, బయట పట్టీ అంచు కిందికి నైలాన్ దారం దూర్చి పొడవునా నెమ్మదిగా లాగి చూడండి. దారం ఆగిన ప్రతిచోటా ఒక పట్టు ఉంది. అక్కడ టేపు మీద గుర్తు పెట్టండి. దారం ఎక్కడా కదలకుండా అంటుకుపోతే అది జిగురు.

ఒక హెచ్చరిక. చేతులు మారిన కారులో ఫ్యాక్టరీ పద్ధతే ఉంటుందని నమ్మవద్దు. క్లిప్పు విరిగినచోట ఎవరో స్క్రూ బిగించి ఉంటారు, ఎం-సీల్ (ఆరితే గట్టిపడే అతుకు ముద్ద) పెట్టి ఉంటారు, ఎడమ తలుపుకు ఒక పద్ధతి, కుడి తలుపుకు ఇంకొకటి ఉంటుంది. ప్రతి ముక్కనూ కొత్తగానే చూడండి.

4. నట్టు ఉన్న పట్టీలు. నట్టును ఒక్కసారిగా విప్పకండి. పావు చుట్టు వదులు చేయండి, మళ్లీ కొంచెం బిగించండి, మళ్లీ వదులు చేయండి. మరల్లో తుప్పు పొడి ఇలా రాలుతుంది. బోల్టు కూడా నట్టుతో పాటు తిరుగుతుంటే ఆగిపోండి. బోల్టు తల పట్టీ గాడిలో తిరుగుతూ పట్టీని ముందుకు ఉబ్బిస్తుంది. బోల్టు కొసను ప్లయర్‌తో పట్టుకుని నట్టు తిప్పండి. అదీ కుదరకపోతే నట్టును నిలువుగా కోసేయండి. బోల్టు పోయినా పరవాలేదు, పట్టీ మిగలాలి. నట్లన్నీ వదులయ్యాక లోపలి నుంచి బోల్టు కొసలను బొటనవేలితో ఒక్కొక్కటిగా నొక్కితే పట్టీ దానంతటదే లేస్తుంది.

5. క్లిప్పు మీద కూర్చున్న పట్టీలు. పట్టీకి పైనా కిందా రంగు మీద రెండు వరసల మాస్కింగ్ టేపు వేయండి. పట్టీ కొసల్లో స్క్రూ ఉందేమో చూడండి. తలుపు తెరిస్తేనే కనిపించే స్క్రూలను చాలామంది మరచిపోతారు. స్క్రూ తీశాక కొన్ని పట్టీలు పొడవునా జరిగి వచ్చేస్తాయి. కాబట్టి ఎత్తే ముందు జరిపి చూడండి.

జరగకపోతే కొస నుంచి మొదలుపెట్టండి. వెదురు బద్దను సరిగ్గా క్లిప్పు ఉన్నచోటే దూర్చండి, రెండు క్లిప్పుల నడుమ కాదు. నడుమన ఎత్తితే పట్టీ విల్లులా వంగుతుంది, క్లిప్పు మాత్రం వదలదు. మొదటి క్లిప్పు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లు లేపి, అక్కడే బద్దను వదిలి, రెండో బద్దతో రెండో క్లిప్పుకు పోండి. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి రండి. అంతా ఒకేసారి సమంగా లేవాలి. మరొకరు పట్టీ రెండో కొసను పట్టుకుని ఉండాలి, వేలాడితే అక్కడే మడత పడుతుంది. చాలా పట్టీలు పై అంచున కొక్కెంలా తగులుకుని కింది అంచున నొక్కి కూర్చుంటాయి. కింది అంచు ముందు వదిలి తరువాత పైకి జరిపితే తేలికగా వస్తుంది. మీ కారులో అది తలకిందులుగా ఉండవచ్చు, ఏ అంచు కొంచెం కదులుతుందో ముందు వేలితో నొక్కి తెలుసుకోండి.

6. పేరు అక్షరాలు, బిళ్లలు, బానెట్ మీది బొమ్మ. వీటిలో చాలావరకు జింకు మిశ్రమాన్ని అచ్చులో పోసి పైన క్రోమ్ పూత పూసినవి. చూడడానికి ఇనుములా దిట్టంగా ఉంటాయి, వంచితే బిస్కెట్టులా విరుగుతాయి. వంచకూడదు, మెలితిప్పకూడదు. లోపలి నుంచి పిన్ను కొసపై చిన్న చెక్క ముక్క పెట్టి నెమ్మదిగా నొక్కండి. ఒక పిన్ను కొంచెం, రెండోది కొంచెం, అలా వంతులవారీగా బయటికి తోయండి. తొడుగు బిగుసుకుంటే తొడుగునే లోపలి నుంచి కత్తిరించండి.

జిగురుతో అంటించినవైతే కారును గంటసేపు ఎండలో పెట్టండి, లేదా హెయిర్ డ్రయర్‌తో చేయి పెట్టగలిగేంత వేడి చేయండి. నైలాన్ దారాన్ని వెనక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగితే జిగురు తెగుతుంది. రెండు పద్ధతులూ ఒకే బిళ్లకు ఉండవచ్చు. దారం పిన్నుకు తగిలి ఆగితే లాగవద్దు.

నంబరు ప్లేటు మీది లైటు, బంపరు దగ్గరి లైట్లు తీసేటప్పుడు ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తప్పించండి. పాత వైర్ల తొడుగు ఎండిపోయి రాలుతుంటుంది.

7. వాననీటి గాడి మీది పట్టీ. పైకప్పు అంచున ఉండే ఈ పట్టీ అన్ని కార్లకూ ఉండదు. ఉంటే అన్నిటికంటే పలుచనిది, అన్నిటికంటే పొడవైనది, అన్నిటికంటే త్వరగా పాడయ్యేది అదే. గాడి అంచుకు తొడుక్కుని ఉంటుంది. కింది అంచున బద్ద కొస తగిలించి, బెత్తెడు బెత్తెడు దూరంలో, ఒక్కోచోట ఒక మిల్లీమీటరుకు మించకుండా విడదీస్తూ పోవాలి. నేను ఒక్కో వైపుకు గంట తీసుకుంటాను. పాత రంగు పట్టీకి, గాడికి కలిపి పూసి ఉంటే ముందు ఆ గీత వెంట పలుచని బ్లేడుతో రంగును కోయండి. కోయకుండా లాగితే రంగు పెచ్చులతో పాటు పట్టీ కూడా మెలిపడుతుంది.

8. అద్దాల రబ్బరులో దూర్చిన పట్టీ. దీన్ని చివరకు ఉంచుకోండి. ఇద్దరు లేకుండా మొదలుపెట్టకండి. సాధారణంగా రెండు సగాలుగా ఉండి, కలిసేచోట చిన్న తొడుగు ముక్క ఉంటుంది. ముందు ఆ తొడుగును పక్కకు జరపండి. సబ్బు నీళ్లు గాడిలోకి పట్టించి, రబ్బరు పెదవిని బద్దతో పక్కకు తొలగిస్తూ పట్టీని బయటికి తేవాలి. బద్దను అద్దానికి ఆనించి బలం పెట్టకండి. పాత గట్టి అద్దం అంచున దెబ్బ తగిలితే మొత్తం గులకరాళ్లలా రాలిపోతుంది.

రబ్బరు ఎండి గట్టిపడి ఉంటే దానితో పోరాడవద్దు. రబ్బరునే కోసేయండి. కొత్త రబ్బరు వెతికితే దొరుకుతుంది, పట్టీ దొరకదు. ఎండకు మాడిన రబ్బరును కాపాడాలని పట్టీని బలిచ్చినవారిని నేను చాలామందిని చూశాను, ఆ రబ్బరు ఎలాగూ మొదటి వానకే కారుతుంది.

9. విప్పినవాటిని దాచడం. పట్టీలను చెక్క రీపరుకు గుడ్డ పీలికలతో మూడుచోట్ల కట్టి, ఎవరి కాలూ పడని ఎత్తులో అడ్డంగా పెట్టండి. గోడకు నిలబెడితే పడతాయి, నేల మీద పెడితే తొక్కుతారు. ఒక్కో పట్టీ క్లిప్పులు ఒక్కో డబ్బాలో వేసి పేరు రాయండి. విరిగిన క్లిప్పులను కూడా పారేయకండి. కొత్తవి చేయించడానికో, వెతకడానికో అవే నమూనా.

ఏ లోహమో తెలుసుకోండి

శుభ్రం చేసే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే ఇనుము మీద క్రోమ్ పూత కావచ్చు, అయస్కాంతానికి అంటుకునే రకం స్టెయిన్‌లెస్ స్టీలూ కావచ్చు. పట్టుకోకపోతే, లేదా చాలా బలహీనంగా పట్టుకుంటే స్టెయిన్‌లెస్ స్టీలు, ఇత్తడి, అల్యూమినియం, జింకు మిశ్రమం, వీటిలో ఏదైనా కావచ్చు. చేతిలో తేలికగా ఉండి తెల్లటి మచ్చలు పడితే అల్యూమినియం. వెనక పసుపు రంగు కనిపిస్తే ఇత్తడి. పైన పొక్కులు లేచి గుంటలు పడితే ఎక్కువగా జింకు మిశ్రమం.

ఇది ఎందుకంటే, స్టెయిన్‌లెస్ స్టీలును పాలిష్ చక్రం మీద రుద్ది అద్దంలా చేయవచ్చు. అల్యూమినియం పట్టీకి పైన ఒక పలుచని గట్టి పొర ఉంటుంది. చక్రం మీద పెడితే ఆ పొర పోయి కొద్దికాలానికే మసకబారుతుంది. చింతపండు ఇత్తడి చెంబుకు మంచిదే, అల్యూమినియానికి కాదు. బాత్‌రూమ్ యాసిడ్ దేనికీ వద్దు. అది క్రోమ్‌ను తినేస్తుంది.

తరచూ చేసే తప్పులు

"ఇంకొక్క గుంజు గుంజితే వచ్చేస్తుంది" అనుకోవడం మొదటిది. రావడం లేదంటే మీరు చూడని స్క్రూ ఒకటి ఎక్కడో ఉంది. చేయి తీసి మళ్లీ మూడో మెట్టుకు వెళ్లండి.

స్క్రూడ్రైవర్‌కు గుడ్డ చుట్టి ఎత్తడం ఇంకొకటి. గుడ్డ రంగును కాపాడుతుందేమోగాని, పట్టీ అంచుపై పడే బలం అంతా ఒకేచోట పడుతుంది, అక్కడ నొక్కు మిగులుతుంది.

మూడోది మేస్త్రీకి అప్పగించి వెళ్లిపోవడం. టింకరింగ్ మేస్త్రీలు రేకు పనిలో ఆరితేరినవారు, బీడింగు వారికి అడ్డు మాత్రమే. కారును షెడ్డుకు పంపేముందే వీటిని మీరే ఇంట్లో విప్పుకోండి. అలా కుదరకపోతే ఆ పూట అక్కడే నిలబడండి.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

నిటారు పట్టీలను పరీక్షించడానికి మన ఇళ్లలోనే మంచి సాధనం ఉంది. నున్నగా పాలిష్ పట్టిన కడప బండ మీద గుడ్డతో తుడిచి పట్టీని పెట్టండి. నేల మీద కూర్చుని, పట్టీ వెనక టార్చి పెట్టి చూడండి. వెలుతురు ఎక్కడ నుంచి చొరబడితే అక్కడ వంపు ఉంది. అర మిల్లీమీటరు తేడా అయినా ఇట్టే తెలిసిపోతుంది. వంపు పట్టీలకు ఈ పరీక్ష పనికిరాదు, వాటిని మొదటి మెట్టులో కత్తిరించిన అట్టకు ఆనించి చూడండి. అట్ట చేసుకోకపోతే రెండో వైపు జత పట్టీతో వీపుకు వీపు చేర్చి పోల్చండి.

కొంచెం వంగిన పట్టీని వెంటనే సుత్తితో కొట్టకండి. చెక్క మీద పెట్టి బొటనవేళ్లతో, వంపుకు రెండు పక్కల నుంచి కొద్దికొద్దిగా సర్దండి. పదునైన మడత అయితే ముట్టుకోకుండా దాచండి, అది చేయి తిరిగినవారి పని.

తరువాత కారు రేకు చూడండి. రంధ్రాల లెక్క, డబ్బాల్లోని క్లిప్పుల లెక్క, మీ పుస్తకంలోని లెక్క మూడూ కలవాలి. ఎక్కువ రంధ్రాలు ఉంటే పాత రోజుల్లో ఎవరో వేసినవి. ఏవి అసలువో రెండో వైపుతో పోల్చి గుర్తు పెట్టండి. పట్టీ ఉన్న గీత వెంట అయస్కాంతం నడపండి. పట్టు సడలినచోట కింద లప్పం మందంగా ఉంది. రంధ్రాల చుట్టూ స్క్రూడ్రైవర్ కొసతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే రంగు వేయడానికి ముందు ఆ రేకు మార్చాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు, పొడి గరుకు కాగితంతో రుద్దకండి. నీళ్లు పోసుకుంటూ, ముక్కుకు మాస్కు కట్టుకుని రుద్దండి.

రేకు పని అయ్యాక, రంగు పడకముందు, అన్ని పట్టీలనూ ఒకసారి కారుకు పెట్టి చూడండి. తలుపు పట్టీ, మడ్‌గార్డు పట్టీ ఒకే గీతలో ఉన్నాయా, తలుపు తెరిచినప్పుడు ఒకదానికొకటి తగులుతున్నాయా చూడండి. తేడా ఉంటే ఇప్పుడే రంధ్రం సర్దవచ్చు. రంగు పడ్డాక ప్రతి సవరణా ఒక గీతే.

చివరగా, కారు పెయింటర్ చేతికి వెళ్లేముందు ప్రతి అసలు రంధ్రంలో చిన్న చెక్క మేకు దూర్చి, లోపలి నుంచి టేపు వేయండి. రంధ్రాల పటం గీసిన కాగితాన్ని అద్దానికి అంటించండి. లప్పం పెట్టేవారు రంధ్రం కనిపిస్తే పూడ్చేస్తారు, అది వారి అలవాటు. పూడిన రంధ్రాన్ని కొత్త రంగు మీద మళ్లీ తొలచవలసి వస్తే తొలిచేచోటే రంగు పెచ్చులూడుతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. రంగు ఆరాక మేకులు తీసి, ప్రతి రంధ్రం అంచుకు సన్నని కుంచెతో తుప్పు పట్టనివ్వని ప్రైమర్ ఒక చుక్క అద్దండి. అది ఆరిన మరునాడు పట్టీలు బిగించవచ్చు.